పొగగొట్టం మీది రేకుడబ్బా

కదలదు. కదలకపోతేనే మంచిది. అయినా నా చేతులు నా మాట వింటే కదా. సహకార సంఘం షెడ్డులో ఊరందరి ట్రాక్టర్లూ విప్పి బిగించిన చేతులివి, వీటికి పైపు దొరికితే చాలు లాగుతాయి, ఎందుకు లాగుతున్నాం, లాగాక ఏమవుతుంది అని ఆలోచించవు. క్రాంకు నట్టుకి పానా తగిలించి, పానా పిడికి నా ఎత్తుకంటే పొడవైన పాత నీళ్ల పైపు తొడిగాను. దాని చివర పట్టుకుని ఇటు లాగుతున్నాను, అటు తోస్తున్నాను, అటు మరీ గట్టిగా తొయ్యకూడదు, నట్టు వదులైపోతుంది. డెబ్భై దాటిన మనిషి ఇనప పైపుని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఒబ్రాడ్‌కి పిచ్చెక్కిందనుకుంటారు, అనుకోనీ. గుంజకూడదు. కొట్టకూడదు. పట్టేసిన ఇంజనుని బుజ్జగించాలి, నూనె దిగేదాకా ఆగాలి, మళ్లీ ఇటు, మళ్లీ అటు. తొందరపడ్డవాడు పిస్టను విరగ్గొట్టుకుంటాడని షెడ్డులో చేరిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు నాకు కావలసింది అదే కదా. ఒక్క గుంజు గుంజితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది, రేపు పొద్దున పాత ఇనుము కొనేవాడి లారీ వస్తుంది, గొలుసులు వేసి ఎక్కించుకుపోతుంది, పీడా విరగడవుతుంది. ఒక్క గుంజు. భుజం సిద్ధంగానే ఉంది. చేతులే ఒప్పుకోవడం లేదు, మెల్లిగా, మెల్లిగా అంటున్నాయి, ముసలి గాడిదలు.

పోయిన శనివారం మిలిసావ్‌కి ఏడాది పెట్టాం. మిలిసావ్ నా కొడుకు. సమాధి పక్కనే బల్ల వేసి, ఉడికించిన గోధుమలూ పంచదారా, మేకమాంసం, ప్లమ్ సారా, అన్నీ పద్ధతిగానే పెట్టాం. ఫాదర్ మంత్రాలు చదివి తన భాగం మూటకట్టుకుని వెళ్లిపోయాడు. ఇంకా అందరి నోళ్లలోనూ గోధుమలున్నాయి, అప్పుడు నా కోడలు రూజిత్స తలకి కట్టుకున్న నల్ల రుమాలు ముడి బిగించుకుని, "ఇంక ఏడాది అయిపోయింది కదా, వాలుచేను ఎవరు దున్నుతారు?" అంది. పక్కింటి తిహొమిర్ గొంతు సవరించుకున్నాడు. "నన్నడక్కమ్మా. నీళ్లొడ్డు పొలం దున్నమను, రెండుసార్లు దున్నుతాను. ఆ చేలోకి మాత్రం నా ట్రాక్టరు రాదు. వస్తే నా పెళ్లాం నన్ను గుమ్మం తొక్కనివ్వదు." "నిన్నెవరడిగారు బాబాయ్? నేనే దున్నుతా." "దేంతో, గరిటెతోనా?" ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "ఉన్నదాంతోనే. మన పెరటి షెడ్డు వెనకాల పడి ఉందిగా, ఆయన ట్రాక్టరు." నేను అన్నాను, అది పట్టేసింది, అది ఇంక కదలదు, ఇనుముకి ఇచ్చేద్దాం, లారీవాడికి కబురు పెట్టాను అన్నాను. నా కళ్లలోకి చూసింది. "సరే మామయ్యా. లారీ వచ్చేలోగా ఇంజను కదిలితే అది నాది. కదలకపోతే వాడిది. మళ్లీ జన్మలో ఆ మాట ఎత్తను. కానీ కదిలించేది మీరే." అందరి ముందూ. నేను సరే అన్నాను. నోట్లో గోధుమలు పెట్టుకుని, కొడుకు సమాధి పక్కన కూర్చుని, సరే కాక ఇంకేమంటాను.

ఇటు. అటు. రాయి మీద లాగుతున్నట్టే ఉంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఇది తిరిగితే రూజిత్స ఆ సీటెక్కుతుంది. ఎక్కి వాలుచేనుకి పోతుంది, మిలిసావ్ పోయిన చోటికి, కొండదారిలో అదే మెలిక దగ్గరకి, అదే ఇనుము మీద. తిరక్కపోతే బతుకుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, ట్రాక్టరు ఎక్కిన ప్రతివాడూ చస్తాడా ముసలోడా అంటారు. చావడు. నా కొడుకు చచ్చాడు. నాకు ఆ లెక్క ఒక్కటే వచ్చు.

నూనె వాసన. ఈ వాసన నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం, తల్లి పాలవాసన తరవాత ఇదేనేమో. మా ఆవిడ డారింక ఉన్నప్పుడు నా చొక్కాలు వేరే తొట్టిలో ఉతికేది, నీ చొక్కా పక్కన పెడితే దుప్పట్లు కూడా కంపు కొడతాయి మనిషీ అనేది. మిలిసావ్ చొక్కాలూ అదే తొట్టిలో పడేవి. వాడికి నా పనితనం రాలేదు, నడపడం వచ్చింది, విప్పడం రాలేదు. ఒక్కటి మాత్రం నాకంటే శ్రద్ధగా చేసేవాడు. సాయంత్రం ఇంజను ఆపాక, గొట్టం చల్లారేదాకా సిగరెట్టు కాల్చుకుంటూ నిలబడి, నిలువు పొగగొట్టం మీద రేకుడబ్బా బోర్లించేవాడు. బఠాణీల డబ్బా అది. దాని అంచుని కత్తెరతో నాలుగు చోట్ల కోసి, కొలిచి వంచి, గొట్టానికి తొడుగులా పట్టేట్టు చేశాడు. తుపానొచ్చినా ఊడదు నాన్నా అనేవాడు. పొద్దున తియ్యడం మరిచిపోయి ఇంజను వేసేవాడు, డబ్బా తుపాకీ గుండులా ఎగిరి పెరట్లో పడేది, కోళ్లు చెల్లాచెదరు, రూజిత్స వంటింట్లోంచి తిట్లు, వాడి నవ్వు. ఒకసారి ఆ డబ్బా తిన్నగా పాల గిన్నెలో పడింది. ఆ రోజు కాఫీ లేదు ఎవరికీ.

ఆ సాయంత్రం నేను పెరట్లో చిక్కుళ్లు ఒలుస్తున్నాను. వాలుచేనుకి పోయేటప్పుడు ఇంజను మోగుతుంది, అది వినపడ్డంతసేపూ నాకు భయం లేదు. దిగేటప్పుడే. మా ఊళ్లో ప్రతివాడూ దిగేటప్పుడు గేరు తీసేస్తాడు. డీజిలు మిగులుతుందట. కొండ మీదినుంచి మొరావా నది ఒడ్డు దాకా న్యూట్రల్లో జారుకుంటూ వస్తారు, బండి మీద ఎండుగడ్డి, గడ్డి మీద ముసలమ్మలు, ముసలమ్మల ఒళ్లో గుడ్ల బుట్టలు. చర్చి పెద్దమనిషి కూడా అంతే. నేను చెప్పని మనిషి లేడు. ఇంజను పట్టుకుని ఉంటేనే బండి నీ మాట వింటుంది, వదిలేస్తే కొండ మాట వింటుంది అని చెప్పేవాణ్ణి. మిలిసావ్‌కి రోజూ చెప్పేవాణ్ణి, గేటు దాటుతుంటే, దిగేటప్పుడు గేరు తియ్యకురా అని. తియ్యను నాన్నా అనేవాడు, తలెత్తకుండా, సిగరెట్టు ముట్టించుకుంటూ. సాయంత్రం మెలిక దగ్గరికొచ్చేసరికి ఇంజను మోత సన్నగిలేది, టైర్ల చప్పుడు మిగిలేది. నాకు తెలిసేది. వచ్చాక అడిగితే నవ్వేవాడు. ఆ రోజూ మోత సన్నగిల్లింది. చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాను. టైర్ల చప్పుడు వస్తుందని ఎదురుచూస్తున్నాను. రాలేదు.

చాలు. ఇటు. అటు.

కొవ్వొత్తి లేకుండా పోయాడు. మా వైపు మనిషి పోయేటప్పుడు చేతిలో వెలుగుండాలి. మా అమ్మకి ఉంది. డారింకకి నేనే పట్టుకున్నాను, ఆమె వేళ్ల చుట్టూ నా వేళ్లు పెట్టి, మైనం నా మణికట్టు మీద పడి కాలింది, ఆ మచ్చ ఇంకా ఉంది, ఉండనీ. వెలుగు లేకుండా పోయినవాడు అక్కడ చీకట్లో తడుముకుంటూ తిరుగుతాడంటారు. ఎవణ్ణయినా తిట్టాలంటే మా ఊళ్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు, కొవ్వొత్తి లేకుండా పోతావురా అని. నేను ఇలాంటివి పెద్దగా నమ్మే మనిషిని కాదు. కానీ వాడు బోల్తాపడ్డ ట్రాక్టరు చక్రం కింద ఉన్నాడు, తిహొమిర్ ఇంట్లోంచి కొవ్వొత్తి పట్టుకుని కొండెక్కి పరిగెత్తాడు, బొద్దు మనిషి, రొప్పుతూ, దారిలో గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించుకుంటూ, వచ్చేసరికి అంతా అయిపోయింది. తిహొమిర్ ఆ కొవ్వొత్తిని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు.

అందుకే సమాధి మీద వెలుగు ఆరకూడదనుకుంది రూజిత్స. పాతిపెట్టిన రోజున కొండ మీద గాలి పిచ్చిగా వీస్తోంది. వెలిగించడం, ఆరిపోవడం, వెలిగించడం, ఆరిపోవడం. ఆడవాళ్లు ప్రతిసారీ ఏడుపు అందుకుంటున్నారు. అప్పుడు ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా కిందికి దిగింది. సమాధుల దొడ్డి మా కంచెకి పైనే, పిలిస్తే వినపడేంత దూరం. తిరిగొచ్చేసరికి చేతిలో రేకుడబ్బా. ముందురోజు చేనుకి బయల్దేరేటప్పుడు వాడు పొగగొట్టం మీంచి తీసి గేటు స్తంభం మీద పెట్టిపోయిన డబ్బా. దాన్ని నోరు పైకి ఉండేట్టు మట్టిలో పాతి, లోపల కొవ్వొత్తి నిలబెట్టింది. నిలబడింది. ఆరలేదు. అందరూ శిలువ గీసుకున్నారు, నేనూ గీసుకున్నాను. పొగగొట్టం గురించి ఎవడికి గుర్తుంటుంది ఆ రోజు.

మనిషిని మింగిన ఇనుముని ఏడాది తిరిగేదాకా ముట్టరు మా దగ్గర. తిహొమిర్ తన ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చి షెడ్డు వెనకాల వదిలేశాడు, ఆ తరవాత అటు ఎవరమూ పోలేదు, కోళ్లు తప్ప. దురదగొండి మొలిచింది. గొట్టం నోరు తెరుచుకుని నిలబడింది. ఆకు రాలేకాలపు వాన, చలికాలం మంచు, వేసవి గాలివాన, అన్నీ ఆ నోట్లోకే. రోజూ సాయంత్రం రూజిత్స పైకెళ్లి డబ్బాలో కొత్త కొవ్వొత్తి పెట్టేది. అక్కడ వెలుగుకి గాలి తగలకుండా ఉంది, ఇక్కడ ఇంజను నీళ్లు తాగుతోంది. శనివారం తరవాత నేను పొగగొట్టం మూలం విప్పితే చిక్కటి టీ రంగులో నీళ్లు కారాయి, ఆపకుండా కారాయి, బకెట్టు పెట్టాను. నవ్వొచ్చింది నాకు. నిజంగానే నవ్వాను, కడుపు పట్టుకుని. ఆ నవ్వు విని రూజిత్స వచ్చింది. బకెట్లోకి చూసింది, గొట్టం వైపు చూసింది, కొండ వైపు చూసింది. "డబ్బా నేనే కదా పట్టుకెళ్లాను" అంది. "మంచిపని చేశావు" అన్నాను. ఆమె దాన్ని ఎలా తీసుకుందో తెలియదు. నేను మాత్రం మనసారా అన్నాను. ఆ డబ్బా వాడికి కావలసిన పనీ చేసింది, నాకు కావలసిన పనీ చేసింది.

గొట్టం మళ్లీ బిగించి, సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లు మూడూ విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ పల్చటి నూనే కలిపి పోశాను. తీగ పెట్టి తడిమితే మొదటిదీ మూడోదీ నున్నగా ఉన్నాయి, నడిమి సిలిండరే గరగరలాడింది, ఆ ఒక్కటే పట్టుకుంది. రేడియేటరు విప్పి గోడకి చేరేశాను. అప్పుడు ఫ్యాను బోడిగా బయటపడింది. నాలుగు రెక్కల్లో ఒకటి ఆ రోజు బోల్తాలో వంగిపోయింది, అది తిన్నగా ఆకాశం వైపు నిలబడి ఉంది. ఎవరో చెయ్యెత్తి పిలుస్తున్నట్టు ఉందని నేను అటు చూడ్డం మానేశాను. రూజిత్స మాత్రం మర్నాడు పొద్దున చూసి, "ఇంకా పైకే చూస్తోంది" అని పాలు పితకడానికి వెళ్లిపోయింది.

తిహొమిర్ నిన్న సీసాతో వచ్చాడు. ముందు నేల మీద ఒక చుక్క చల్లాడు, పోయినవాడి కోసం. "ఒక గుక్క మిలిసావ్‌కి, ఒక గుక్క ఇంజనుకి, మిగతాది మనకి. మా ప్లమ్ సారాకి పళ్లూడతాయి, పిస్టన్లూడవా?" నిజంగానే రంధ్రంలో పోశాడు, వెధవ. తరవాత ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒరేయ్ ఒబ్రాడ్, నీకు బుద్ధుందా? ఆ పిల్లని నీ చేతుల్తో ఎక్కిస్తావా దీని మీద? నూనె బదులు నాలుగు గ్లాసుల ఉప్పునీళ్లు పొయ్యి. రేపటికి రాయైపోతుంది. ఎవడు చూడొచ్చాడు?" "పోస్తాలే." "నువ్వు పొయ్యవురా, నాకు తెలుసు. షెడ్డులో పనిచేసినవాళ్లందరూ ఇంతే, ఇంజను అంటే కన్నబిడ్డ." "బిడ్డ అనకు." "అనను. నోరు జారింది." కాసేపు తాగాం. లేస్తూ అన్నాడు, మిలిసావ్ చేనూ, వాడి బండీ, వాడి పెళ్లామూ, మూడూ మొండిఘటాలే అని. అది నిజం. ఉప్పు డబ్బా వంటింట్లో ఉంది. రాత్రి దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టేశాను.

మొండిదే. మైదానంలో పుట్టిన పిల్ల. పెళ్లయి వచ్చిన కొత్తలో మా కొండలు చూసి, మీ ఊళ్లో కోళ్లకి కూడా ఒక కాలు పొట్టిగా ఉంటుందా అని అడిగింది, డారింక పడీపడీ నవ్వింది. ట్రాక్టరు నడపడం పుట్టింట్లోనే నేర్చుకుంది, చదును నేల మీద, కళ్లు మూసుకుని నడిపే చోట. ఈ వసంతంలో పార పట్టుకుని వాలుచేనుకి పోయింది. నేను వద్దన్నాను. సాయంత్రానికి ఒక చాపంత నేల తవ్వింది. మర్నాడు ఇంకో చాపంత. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, గుడ్డలు చుట్టుకుని తవ్వింది. దుంపలు నాటింది. ఎందుకమ్మా, మనిద్దరికీ నీళ్లొడ్డు పొలం చాలదా అన్నాను. మట్టి దులుపుకుంటూ చెప్పింది. "ఊళ్లోవాళ్లు ఆ చేనుని ఏమంటున్నారో విన్నారా మామయ్యా? మిలిసావ్ చచ్చిన చోటు అంటున్నారు. పిల్లలకి దారి చెప్పాలన్నా అదే. ఆ చచ్చిన చోటు దాటి ఎడమకి తిరుగు అంటారు. నేను దున్నితే దుంపల చేను అంటారు. నాకు అదే కావాలి."

పొద్దున్నుంచి ఉక్కగా ఉంది. మధ్యాహ్నం దాటాక కొండ వెనకనించి మబ్బు లేచింది, నల్లగా, అడుగు పచ్చగా. వడగళ్ల మబ్బేమో. రూజిత్స వాకిట్లో నిలబడి చూసింది. "గొట్టం మీద ఏదైనా కప్పాలి. మళ్లీ నీళ్లు పోతే మీ పనంతా వృథా." "బకెట్టు బోర్లిస్తాను." "గాలికి ఎగిరిపోతుంది. డబ్బా తెస్తాను." "ఏ డబ్బా?" "ఆ డబ్బానే." చేతులు తుడుచుకుంది. "ఇంట్లో వేరే డబ్బాలు లేవా?" అన్నాను. "ఆయన కొలిచి కోసింది అదొక్కటే" అని పైకి నడిచింది. కంచె దాటింది. ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎక్కుతుంది, ఇన్నేళ్లయినా కొండ అలవాటు కాలేదు ఆమెకి.

నేనొక్కణ్ణే. కోళ్లు షెడ్డులో దూరాయి. ఎక్కడో దూరంగా ఉరుము, బల్ల మీద కుండ జరిపినట్టు. కాసేపు చెక్కపెట్టె మీద కూర్చున్నాను. ఆ సీటు మీద వాడు వేసుకున్న గోనెపట్టా ఇంకా ఉంది, కోడి గుడ్డు పెట్టింది అందులో ఎప్పుడో, పెంకు ఉంది. సాయంత్రం దాకా ఇలా కూర్చుంటే చాలు. పొద్దు వాలుతుంది, రేపు లారీ వస్తుంది, చూశావుగా అమ్మా, నా వల్ల కాలేదు అంటాను. ఆమె మాట తప్పదు. వాలుచేను బీడు పడుతుంది, అననీ, ఊళ్లోవాళ్లు ఏమన్నా అననీ, మాటల కింద పడి ఎవరూ చావరు. కూర్చోవయ్యా ఒబ్రాడ్, ఒక్కసారి కూర్చోవడం నేర్చుకో. కూర్చున్నాను. నడిమి సిలిండర్లో నూనె ఎంత దిగిందో. పొద్దున పోసిన నూనె. చూద్దాం, ఊరికే చూద్దాం. లేచి రంధ్రంలో తీగ పెట్టాను. సగం దిగింది. అంటే రింగుల పక్కనుంచి దారి చేసుకుంది. అంటే. నా చేతులు అప్పటికే పైపు మీదున్నాయి. ఇటు. ఆగు. ఊపిరి వదులు. అటు. ఆగు. ఇటు.

పట్టు వదిలింది.

చప్పుడు లేదు. పిల్లవాడి పాలపన్ను వదులైనప్పుడు వేలికి తెలుస్తుందే, అలాంటిది. పైపు నా వైపు వచ్చింది, బొటనవేలంత, అరచేయంత, ఆగకుండా పావు చుట్టు వచ్చింది, జిగటగా, బరువుగా, నూనెలో. నా ఒంట్లోంచి ఏదో లేచింది. సంతోషం. ఎందుకు దాచుకోను, సంతోషమే, షెడ్డులో మొదటిసారి చచ్చిన ఇంజనుని లేపిన రోజున ఎంత పొంగిపోయానో అంత. నాలుక చివర వాడి పేరు వచ్చింది, ఒరేయ్ మిలిసావ్, కదిలిందిరా, ఇటు రా అని అరవబోయాను. అరవబోయి ఆగాను. ఏం చేశాను. ఏం చేశావురా ముసలోడా. పైపు ఊడదీసి గడ్డిలో పడేశాను. పానా తీసేశాను. చేతులు గుడ్డకి తుడిచాను, పదిసార్లు తుడిచి ఉంటాను. పెట్టె మీద కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. కోళ్లు చూశాయి. అంతే, కదల్లేదు, కదల్లేదని చెప్తాను, రేపు లారీవాడు బతికున్న ఇంజనుని గొలుసులేసి ఎక్కించుకుపోతాడు, కొలిమిలో కరిగిస్తారు, నా కడుపు కాలుతుంది, కాలనీ. ఆ పిల్ల బతుకుతుంది. ఒక్క ముక్క చాలు. లేదు. లేదు అనాలి, అంతే.

కంచె దగ్గర చప్పుడైంది. డబ్బాని కొంగు కింద దాచుకుని దిగింది, మొదటి చినుకులు లావుగా దుమ్ములో పడుతున్నాయి. నా వైపు చూసింది. "ఏమైనా కదిలిందా?"

"లేదు."

తలూపింది. డబ్బాని టైరుకేసి కొట్టింది, లోపలినుంచి మైనం బిళ్లలా ఊడి కిందపడింది, ఏడాది మైనం, పసుపుగా, నడుమ నల్లటి వత్తి మొదలుతో. తరవాత చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి డబ్బాని పొగగొట్టం మీద బోర్లించి అరచేత్తో ఒకటి చరిచింది. పట్టింది. నిన్న తీసి ఇవాళ పెట్టినట్టు పట్టింది.

"కొవ్వొత్తో?" అన్నాను.

"ఆరిపోయింది. డబ్బా తియ్యగానే ఆరింది." అక్కడే నిలబడి చెప్పింది, నా వైపు తిరక్కుండా. "మళ్లీ వెలిగించలేదు మామయ్యా. ఏడాది కాపలా కాశాను. ఇంక దారి ఆయనే చూసుకుంటాడు."

దిగింది. ముందుకి వచ్చి ఫ్యాను ముందు ఆగింది. అప్పుడు నేనూ అటు చూశాను. వంగిన రెక్క ఆకాశం వైపు లేదు. పక్కకి వాలి, కిందికి దిగి, గోడకి చేరేసిన రేడియేటరు వైపు చూస్తోంది. బెల్టు తియ్యలేదు నేను. ఇంజనుతో పాటు అదీ తిరుగుతుందని షెడ్డులో నిన్న చేరినవాడికి కూడా తెలుస్తుంది.

"పైనుంచి చూశాను" అంది. కోపంగా అనలేదు. "సమాధి దగ్గర్నుంచి మన పెరడంతా కనిపిస్తుంది. రోజూ చూస్తూనే ఉన్నాగా."

లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. "రూజిత్సా, ఈ ఒక్కటీ వదిలెయ్యమ్మా. బతిమాలుకుంటున్నాను. రేపు లారీవాడిని పట్టుకుపోనీ. నువ్వు దాని మీద కొండెక్కితే నేను ఈ వాకిట్లో నిలబడి వినలేను. ఇంకోసారి వినలేను."

వాన ఆమె రుమాలు మీద పడుతోంది. "తిహొమిర్ బాబాయ్ ఉప్పునీళ్లు పొయ్యమన్నాడు కదా. వంటింటి కిటికీ తెరిచే ఉంది, విన్నాను. మీరెందుకు పొయ్యలేదు?"

"చేతులు ఒప్పుకోలేదు."

"నావీ అంతే మామయ్యా."

గడ్డిలోంచి పైపు తీసింది. పానా తనే తగిలించింది, సరిగ్గానే తగిలించింది. పైపు చివర తను పట్టుకుని, నాకు చోటు వదిలి నిలబడింది. నేను వెళ్లి పట్టుకున్నాను. ఇప్పుడు గుడ్డలు అక్కర్లేకుండా గట్టిపడిన చేతులు ఆమెవి, నా చేతుల పక్కన. ఇటు అన్నాను. కదిలింది. ఇంకా. పానా మార్చాం. ఇంకా కదిలింది. నాజిల్ రంధ్రాల్లోంచి తుప్పు కలిసిన నూనె బుస్సున ఎగజిమ్మి మా ముఖాల మీద పడింది, ఎర్రగా, సారా వాసనతో. వంగిన రెక్క గుండ్రంగా ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చింది, ఆగలేదు, మళ్లీ దిగింది. పైన గొట్టంలో గాలి తన్ని రేకుడబ్బా టక్కుమని ఒకసారి అదిరింది. ఊడలేదు.

ఆమె ముఖం తుడుచుకోలేదు. వెళ్లి సీటెక్కింది. గోనెపట్టాలోంచి గుడ్డు పెంకు ఏరి పారేసింది, సర్దుకుని కూర్చుంది. ఇంజను ఇంకా బతకలేదు, నాజిళ్లు బిగించాలి, నూనె మార్చాలి, ఇంకా ఎంతో పని ఉంది నాకు, రేపంతా పని ఉంది. అయినా కూర్చుని స్టీరింగు పట్టుకుంది, కాళ్లు అందుతున్నాయో లేదో చూసుకుంది, గేరు కర్ర మీద చెయ్యి వేసి ఒక్కో గేరూ వేసి చూసుకుంది. కొండ వైపు చూసింది. నేను కింద వానలో పైపు పట్టుకుని నిలబడ్డాను. నా దగ్గర మిగిలింది ఒక్క మాటే.

"దిగేటప్పుడు గేరు తియ్యకు."

"తియ్యను మామయ్యా" అంది, తలెత్తకుండా.

వాడూ ఇలాగే అనేవాడు.